ఏడాది దగ్గరికొచ్చిన పాపాయి చిక్కినట్టు ఎందుకు కనబడుతుంది?

క్లుప్తంగా: తొమ్మిదో నెల దాటాక బిడ్డ బరువు పెరిగే వేగం బాగా తగ్గుతుంది. ఇది సహజం. అయితే పలచని జావ, మోతాదు మించిన గేదెపాలు, ఇనుము లోటు కూడా సరిగ్గా ఈ నెలల్లోనే మొదలై ఈ సహజమైన మందగింపు చాటున దాక్కుంటాయి. సహజమైన మందగింపునూ తిండి లోటునూ విడదీసేది కంటిచూపు కాదు, తూకం; ఇనుము లోటు మాత్రం తూకానికి దొరకదు, ఒళ్ళు పాలిపోవడంలో కనబడుతుంది. నెల్లూరు, ప్రకాశం వైపు పశ్చిమ మండలాల్లో బోరునీళ్ళ ఫ్లోరైడు దీనికి తోడయ్యే మరో చిక్కు.

నెలకు పావుకిలో కూడా పెరగని కాలం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో పది, పదకొండు నెలల బిడ్డ గురించి తరచు వినబడే మాట ఒకటే: "మొన్నటిదాకా బొద్దుగా ఉండేది, ఇప్పుడు చిక్కిపోయింది." నాయనమ్మ దిష్టి అంటుంది, అమ్మమ్మ తల్లిపాలు చాలడం లేదంటుంది, పక్కింటావిడ పళ్ళొస్తున్నాయంటుంది. మొదట చూడాల్సింది మాత్రం లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఆడపిల్ల పుట్టిన బరువు మధ్యస్థంగా 3.2 కిలోలు. మూడు నెలలకు 5.8, ఆరు నెలలకు 7.3, తొమ్మిది నెలలకు 8.2, ఏడాదికి 8.9 కిలోలు. అంటే మొదటి మూడు నెలల్లో నెలకు దాదాపు 860 గ్రాములు పెరిగిన బిడ్డ, తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య నెలకు 230 గ్రాములే పెరుగుతుంది. తిండి మానేసినందువల్ల కాదు, ఒళ్ళు పెరగడానికి అయ్యే ఖర్చే తగ్గినందువల్ల. మొదటి నెలలో బిడ్డ తాగిన పాల శక్తిలో మూడో వంతుకు పైగా కొత్త కండ, కొవ్వు కట్టడానికే పోతుంది. ఏడాది వచ్చేసరికి ఆ వాటా 3 శాతానికి పడిపోతుంది. మిగతాదంతా ప్రాకడానికి, లేవడానికి, గుండె, మెదడు నడవడానికి ఖర్చవుతుంది.

కంటికి చిక్కినట్టు కనబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒంట్లో కొవ్వు వాటా ఆరు, తొమ్మిది నెలల మధ్య ఎక్కువగా ఉండి, ఆ తరవాత తగ్గుతూ వస్తుంది. తొడల మడతలు విప్పుకుంటాయి, బుగ్గలు దిగుతాయి, పొడవు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఏడాది ఆడపిల్ల మధ్యస్థ పొడవు 74 సెంటీమీటర్లు. పుట్టినప్పటితో పోలిస్తే దాదాపు 25 సెంటీమీటర్లు ఎక్కువ. అదే ఒళ్ళు నిలువుగా సాగితే సన్నబడినట్టే కనబడుతుంది.

నెలకు 230 గ్రాములే పెరగాల్సిన వయసులో తూకంలో చిన్న పొరపాటు కూడా పెద్ద మోసం చేస్తుంది. నిండిన డైపరు ఒక్కటే 200 గ్రాములు తూగవచ్చు. వెండి మొలతాడు, కాళ్ళ పట్టీలు, మందపాటి గౌను కలిస్తే ఒక నెల పెరుగుదలంత అవుతాయి. పోయిన నెల బట్టలతో, ఈ నెల బట్టల్లేకుండా తూచితే బరువు తగ్గినట్టు కాగితం మీద పడుతుంది. ఒకే తూకం, బట్టల్లేకుండా, ఉదయం పాలు పట్టక ముందు, నెలకొకసారి: ఇది చాలు. వారానికోసారి తూచడం వల్ల ఇంట్లో గొడవ తప్ప తెలిసేదేమీ ఉండదు. అంకెను తల్లీబిడ్డల రక్షణ కార్డులోని పెరుగుదల గీత మీద చుక్కగా పెట్టించుకోవాలి. ఒక్క చుక్క ఏమీ చెప్పదు, మూడు చుక్కలు కలిపిన గీత చెబుతుంది. ఆ గీత తన దారిలో తాను పైకి పోతుంటే బిడ్డ సన్నగా ఉన్నా ఆరోగ్యంగా ఉన్నట్టే. అడ్డంగా సాగినా, కిందికి వంగినా అప్పుడు తిండి వైపు చూడాలి.

దిష్టి సంగతి: ఎర్రనీళ్ళు తిప్పి పారబోస్తే పోయేదేమీ లేదు. ఉప్పు, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసి ఆ ఘాటు బిడ్డకు తగిలించడం మాత్రం చిన్న ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గ్లాసు జావలో ఎంత బలం?

పది నెలల బిడ్డకు రోజుకు మొత్తం 600 నుంచి 700 కేలరీల దాకా కావాలి. అందులో సగమో, అంతకన్నా ఎక్కువో తల్లిపాల నుంచి వస్తుంది. మిగిలిన సుమారు 300 కేలరీలు గిన్నెలోంచి రావాలి. పన్నెండు నెలలు దాటగానే గిన్నె వాటా 550 దాకా పెరుగుతుంది. అంటే పుట్టినరోజు అటూ ఇటూ కొద్ది నెలల్లో తిండి దాదాపు రెట్టింపు కావాలి. చాలా ఇళ్ళలో ఆరో నెలలో అన్నప్రాశన తరవాత మొదలుపెట్టిన పలచని జావే పదకొండో నెలలోనూ నడుస్తూ ఉంటుంది. గిన్నె మారదు, చెంచా మారదు, చిక్కదనమూ మారదు.

బిడ్డ కడుపు పట్టేది కిలో బరువుకు దాదాపు 30 మిల్లీలీటర్లు. ఎనిమిది కిలోల బిడ్డకు 240 మి.లీ., అంటే గ్లాసుకు కాస్త ఎక్కువ. ఆ చోటు నీళ్ళతో నిండితే కడుపు నిండుతుంది, ఆకలి చచ్చిపోతుంది, బలం మాత్రం రాదు. ఒక పెద్ద చెంచా రాగిపిండి 10 గ్రాములనుకుంటే దానిలో 32 కేలరీలుంటాయి. దాన్ని 200 మి.లీ. నీళ్ళలో కాస్తే గ్లాసు నిండా జావ వస్తుంది. అలాంటివి రోజుకు మూడు గ్లాసులు పట్టినా వంద కేలరీలు దాటవు. "మూడు పూటలా తాగుతోంది, అయినా బరువు పట్టడం లేదు" అన్న ఫిర్యాదులో చాలాసార్లు తిరకాసు ఇక్కడే ఉంది. రాగుల తప్పు లేదు. రాగుల్లో కాల్షియం పుష్కలం. తప్పంతా నీళ్ళదే.

మరి పిండి ఎక్కువ వేస్తే? జావ ముద్దకట్టి గొంతుకు అడ్డం పడుతుంది, బిడ్డ ఉమ్మేస్తుంది. పిండిపదార్థం వేడికి ఉబ్బి నీళ్ళను పట్టుకోవడమే దీనికి కారణం. అందుకే తల్లి మళ్ళీ నీళ్ళు పోస్తుంది. ఈ చిక్కుముడి విప్పేది మొలకల పిండి. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో అమైలేజ్ అనే ఎంజైము పుట్టి, పిండిపదార్థపు పొడవాటి గొలుసులను ముక్కలు చేస్తుంది. ముక్కలైన పిండి నీళ్ళను అంతగా పట్టుకోలేదు. దానివల్ల జావ అదే పలచదనంతో ఉన్నా, దానిలో దాదాపు రెట్టింపు పిండి పడుతుంది.

చేసే పద్ధతి పాతదే. రాగులు రాళ్ళు లేకుండా ఏరి, మూడు నాలుగు నీళ్ళు కడిగి, రాత్రంతా నానబెట్టాలి. వడకట్టి తడి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే వేసవిలో ఒక్క రోజుకు, చలికాలంలో రోజున్నరకు తెల్లని మొలక వస్తుంది. మొలక గింజ పొడవంత ఉంటే చాలు. పలచగా పరిచి గలగలలాడేలా ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి మొలకలు రాల్చేసి, సన్నసెగ మీద కొద్దిసేపు వెచ్చచేసి పట్టించాలి. ఇక్కడ జరిగే తప్పులు రెండు. కమ్మటి వాసన కోసం ఎర్రగా వేయించడం మొదటిది; ఆ వేడికి ఎంజైము చచ్చిపోతుంది, మొలకెత్తించిన శ్రమంతా వృథా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో చేయడం రెండోది. ఈ తీరానికి ఎక్కువ వాన పడేది ఆ నెలల్లోనే. గింజలు ఆరక బూజు పడతాయి. నల్ల మచ్చలు, ముక్కిన వాసన ఉంటే కడిగి వాడుకోకూడదు, పారేయాలి. ఏడాదికి సరిపడా కాకుండా ఎండున్నప్పుడు నెలకు సరిపడా చేసుకోవడం మేలు.

వాడే తీరు: 125 మి.లీ. నీళ్ళలో 25 గ్రాముల మామూలు రాగిపిండి వేసి గట్టిగా ఉడికించాలి. దించి, వేలు పెట్టగలిగేంత వేడికి వచ్చాక ఒక చిన్న చెంచా మొలకల పిండి కలిపి తిప్పుతూ ఉంటే అయిదు, పది నిమిషాల్లో ముద్ద సడలి జారుగా అవుతుంది. మొలకల పిండిలో సూక్ష్మజీవులు ఉండే వీలుంది కాబట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వాలి. చివర చిన్న చెంచా నెయ్యి వేస్తే 45 కేలరీలు కలుస్తాయి. మొత్తం 130 కేలరీలకు పైగా, అదీ అరగ్లాసులో. పెద్ద గ్లాసు పలచని జావకు ఇది నాలుగు రెట్లు.

అన్నానికీ ఇదే సూత్రం. చారు పోసి జారుగా కలిపిన మెతుకుల కన్నా, 25 గ్రాముల బియ్యం, 12 గ్రాముల పెసరపప్పు మెత్తగా ఉడికించి నెయ్యి వేసి మెదిపిన ముద్దలో బలం ఎక్కువ. 170 కేలరీల పైమాటే. చారులో ఉప్పు, పులుపు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. చెంచా వంచితే జారిపడకుండా నిలిచే చిక్కదనం ఈ వయసుకు సరైన గుర్తు.

అంగన్‌వాడీలో ఆరు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకు ఇచ్చే బాలామృతం పొట్లం 2.5 కిలోలది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పిండి అది. ముందే వేయించింది కాబట్టి వేడినీళ్ళలో కలిపితే సరిపోతుంది. దీన్ని కూడా గ్లాసులో పానీయంలా కలపకుండా గిన్నెలో ముద్దలా కలపాలి. చక్కెర ఉన్నదానికి మళ్ళీ బెల్లం జోడించనక్కర్లేదు. పొట్లం ఇంట్లో పెద్దపిల్లల లడ్డూలైపోవడం తెలిసిన సంగతే. లెక్క ప్రకారం అది చంటిదాని వాటా.

పాలు తాగే బిడ్డకు రక్తం తక్కువ ఎందుకు?

ఒంగోలు జాతి పశువులకు పేరుపడ్డ ప్రాంతంలో పాలు చాలవంటే ఇంటి పరువు పోయినట్టుంటుంది. అన్నం తినని బిడ్డకు సీసా నిండా గేదెపాలు పట్టడం సులువైన దారి. రోజుకు 600 మి.లీ. గేదెపాలు తాగితే 600 కేలరీలు దాటిపోతాయి. ఇక బువ్వకు ఆకలి ఎక్కడుంటుంది? తినడం లేదని పాలు పడతారు, పాలు తాగినందుకు తినదు. ఈ గానుగ చుట్టూ తిరిగే బిడ్డ బరువులో బాగానే ఉండి, పాలిపోయి ఉంటుంది.

ఆవు, గేదె పాలలో ఇనుము లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ మాంసకృత్తులు ఇతర తిండిలోని ఇనుమును కూడా పేగు పీల్చుకోకుండా అడ్డుపడతాయి. ఏడాదిలోపు బిడ్డల్లో పశువుల పాలు పేగు లోపలి పొరను రేపి, కంటికి కనబడనంత రక్తం పోయేలా చేయవచ్చు. పుట్టుకతో తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆర్నెల్లకు అడుగంటుతుంది. అందువల్ల ఏడాది నిండేదాకా పశువుల పాలను ప్రధాన ఆహారం చేయకూడదని, తల్లిపాలు కొనసాగించాలని వైద్యులు చెబుతారు. ఏడాది తరవాత కూడా రెండు చిన్న గ్లాసులు, సుమారు 400 మి.లీ., చాలు. సీసాలో కాదు, గ్లాసుతో.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇది పేదిళ్ళ సమస్య మాత్రమే అయితే అంకె అంత పెద్దగా ఉండదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మి.లీ. ఐరన్ సిరప్ ఇవ్వాలి; మి.లీ.లో 20 మి.గ్రా. ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆశా కార్యకర్త ఇచ్చే ఈ సీసా చాలా ఇళ్ళలో అలమరలోనే ఉండిపోవడానికి కారణం నల్లటి విరేచనం. పేగు పీల్చుకోని ఇనుము రంగు అది, భయపడాల్సింది కాదు. పాలతో పాటు పోస్తే మాత్రం మందు సగం వృథా. తిండికీ తిండికీ మధ్య, సీసా బాగా ఊపి, డ్రాపర్‌తో కొలిచి పోయాలి.

తిండి వైపు నుంచి కూడా సాయం ఉంది. గూడూరు, పొదలకూరు, రాపూరు వైపు నిమ్మకు కొదవ లేదు. పప్పు, ఆకుకూర కలిపిన ముద్ద మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును పేగుకు అందే రూపంలోకి మారుస్తుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకం టీలో ముంచిన బిస్కెట్టు. టీలోని టానిన్లు ఇనుమును కట్టిపడేస్తాయి. తాతయ్య గ్లాసులోంచి పాపాయికి అందే ఆ రెండు ముక్కలు ముద్దుగానే ఉంటాయి, పూటకు పూట అలవాటైతే ఖరీదు ఎక్కువ.

పెద్దల వంటలోంచి బిడ్డ గిన్నె

ఈ వయసులో రోజుకు మూడు, నాలుగుసార్లు తిండి, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్ళు కావాలి. ప్రతిసారీ వేరే వంట చేయాలంటే ఏ తల్లీ నిలబడలేదు. పప్పులో కారం, పులుసులో చింతపండు పడకముందే బిడ్డ వాటా తీసి పక్కన పెట్టుకోవడం ఆచరణలో నిలిచే పద్ధతి. మెత్తగా ఉడికిన గుడ్డు ఒకటి 70 కేలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు. ఏడాది నిండేదాకా గుడ్డు పెట్టకూడదనే మాటకు ఇప్పుడు ఆధారం లేదు. చేప, రొయ్య, వేరుశనగ పొడి వంటివి ఆలస్యం చేస్తే అలర్జీ తగ్గుతుందన్న నమ్మకమూ నిలవలేదు. కొత్తది ఏదైనా కొద్దిగా, పగటిపూట, ఇంట్లో ఉన్న రోజున పెట్టాలి. రెండు గంటల్లో దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు కనబడకపోతే మర్నాడు కాస్త పెంచవచ్చు. బంధువుల పెళ్ళిలో మొదటిసారి రొయ్య రుచి చూపించడం తెలివైన పని కాదు.

నెల్లూరు చేపల పులుసు ముక్కను నీళ్ళలో కడిగి పెడితే కారం పోతుంది గానీ ఉప్పు పోదు. ఏడాదిలోపు బిడ్డకు రోజంతటికీ ఒక గ్రాముకు మించి ఉప్పు అక్కర్లేదు. మసాలా పట్టించక ముందే ఒక ముక్క పసుపునీళ్ళలో ఉడికించి పెట్టుకోవాలి. సన్న ముళ్ళు తక్కువ కాబట్టి కొరమేను ఇందుకు అనువు. ఏ చేపైనా వేళ్ళతో నలిపి చూశాకే పెట్టాలి. ముల్లు కంటికన్నా ముందు వేలికి దొరుకుతుంది.

గొంతుకు అడ్డంపడే తిండి వేరే లెక్క. ఏడాది బిడ్డకు ముందు పళ్ళు కొరకడానికి వస్తాయి, నమిలే దవడపళ్ళు పదమూడో నెల తరవాత గానీ రావు. గాలిగొట్టం వెడల్పు చిటికెన వేలంత కూడా ఉండదు. అందుకే వేయించిన పల్లీలు, గుగ్గిళ్ళు, గుండ్రని ద్రాక్ష, రేగుపండు, సీతాఫలం గింజ ప్రమాదం. వేసవిలో తాటిముంజ మరీ మోసకారి: మెత్తగా ఉంటుంది కదా అనుకుంటారు, జారి గొంతులో బిరడాలా బిగుస్తుంది. పెట్టాలంటే గుజ్జుగా మెదిపి పెట్టాలి. అడ్డంపడి దగ్గలేక, ఏడవలేక నీలబడుతుంటే ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద రెక్కల మధ్య అయిదు దెబ్బలు, ఆ తరవాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళతో అయిదు నొక్కులు. బయటపడేదాకా మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గాలిస్తే అది ఇంకా లోపలికి పోతుంది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుక మీద రాయడానికి కూడా వద్దు; అందులో ఉండగల బొటులినమ్ బీజాలను ఆ వయసు పేగు అడ్డుకోలేదు.

తాగే నీళ్ళు సరే, వండే నీళ్ళు?

కనిగిరి, పామూరు, మర్రిపూడి, పొదిలి వైపు, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు సమస్య తరాలుగా ఉన్నదే. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో తాగడానికి 20 లీటర్ల క్యాను వస్తోంది. వంట మాత్రం బోరునీళ్ళతోనే. పెద్దలకు ఇది కొంత ఆదా, కొంత రక్షణ. బిడ్డకు రక్షణ దాదాపు లేనట్టే, ఎందుకంటే ఈ వయసులో నీళ్ళు గ్లాసులోంచి కన్నా జావలోంచి, అన్నంలోంచే ఎక్కువ ఒంట్లోకి పోతాయి.

లీటరుకు 3 మి.గ్రా. ఫ్లోరైడు ఉన్న బోరునీళ్ళు అనుకుందాం. అరగ్లాసు జావ మూడుసార్లు అంటే 375 మి.లీ.; అంటే 1.1 మి.గ్రా. ఫ్లోరైడు. ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకు రోజువారీ పైపరిమితి 0.9 మి.గ్రా. తాగిన నీళ్ళు కలపకముందే పరిమితి దాటింది. శాశ్వత ముందు పళ్ళ ఎనామెల్ చిగురు లోపల కట్టుకునేది సరిగ్గా ఈ ఏళ్ళలోనే. ఏడేళ్ళకు బయటికొచ్చే పళ్ళ మీద గారమచ్చలకు బీజం ఉగ్గుగిన్నెలో పడుతుంది.

కాచి చల్లార్చడం దీనికి మందు కాదు. కాస్తే క్రిములు చస్తాయి, నీరు ఆవిరైన మేరకు ఫ్లోరైడు చిక్కబడుతుంది. ఆర్వో నీరు ఫ్లోరైడును తీసేస్తుంది, కానీ క్యాను మూత, మురికి గుడ్డ, చేతులు ముంచే చెంబు క్రిములను మళ్ళీ తెస్తాయి. కాబట్టి బిడ్డకు వరస ఇది: ముందు ఆర్వో నీరు, ఆ తరవాత కాచడం, మూతపెట్టిన పాత్రలో నిల్వ, పొడవాటి పిడి గరిటెతో తీయడం. జావ, పప్పు, అన్నం కూడా ఆ నీళ్ళతోనే. రోజుకు రెండు లీటర్లకు మించి ఖర్చు కాదు. బోరులో ఎంతుందో గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. పక్కింటి బోరు అంకె మన బోరుకు పనికిరాదు, లోతును బట్టి, రాయిని బట్టి మారిపోతుంది.

ఎండలు ఇంకో లెక్క. రోహిణి కార్తెలో గది వేడికి వండిన మెతుకు గంటలోనే పాడవడం మొదలవుతుంది. ఉదయం వండినది సాయంత్రం పెట్టకూడదు. ఎంగిలి చెంచా తగిలిన గిన్నెలో మిగిలినది అసలే పనికిరాదు.

పళ్ళ మీద వేసే నిందలు

విరేచనాలు, జ్వరం, అన్నం తినకపోవడం, అన్నిటికీ "పళ్ళొస్తున్నాయి" అనేది తయారుగా ఉండే జవాబు. పన్ను వచ్చేటప్పుడు చొల్లు, చిరాకు, కొద్దిగా ఒళ్ళు వెచ్చబడటం ఉంటాయి. 38 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన జ్వరం పంటిది కాదు. నీళ్ళ విరేచనాలూ పంటివి కావు. పళ్ళొచ్చే నెలలు, నేల మీద ప్రాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే నెలలు, తల్లి నుంచి వచ్చిన రక్షణ ప్రొటీన్లు (యాంటీబాడీలు) తరిగే నెలలు ఒకటే కావడంతో నింద పంటి మీద పడుతుంది. ఈ నింద వల్ల నష్టమేమిటంటే ఓఆర్‌ఎస్ రెండు రోజులు ఆలస్యం కావడం. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి నీళ్ళ విరేచనానికి 50 నుంచి 100 మి.లీ. ఓఆర్‌ఎస్ చెంచాతో నెమ్మదిగా పట్టాలి, రోజుకు 20 మి.గ్రా. జింకు 14 రోజులు ఇవ్వాలి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. అందాజుగా గ్లాసులో సగం పొట్లం వేస్తే ఉప్పు ఎక్కువై మేలుకన్నా కీడు జరుగుతుంది. కలిపినది 24 గంటల తరవాత పారబోయాలి. పళ్ళరసం మాదిరి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. తల్లిపాలు, తిండి ఆపకూడదు.

రాత్రి మేలుకోవడం, కొంగు వదలకపోవడం

ఎనిమిదో నెల నుంచి బిడ్డకు కనబడని మనిషి కూడా ఎక్కడో ఉన్నదని తెలుస్తుంది, ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు. తల్లి స్నానానికి వెళ్ళినా ఏడవడం, రాత్రి రెండు మూడుసార్లు లేచి తడుముకోవడం ఇందువల్లే. గారాబంతో చెడిపోయినందుకు కాదు. మొత్తం నిద్ర, పగటి కునుకులు కలిపి 12 నుంచి 16 గంటలు ఉంటే సరిపోయినట్టే. సాయంత్రం అయిదు తరవాతి కునుకు రాత్రి నిద్రను వెనక్కి నెడుతుంది. దుకాణం మూసి పదింటికి ఇల్లు చేరే తండ్రి కోసం నిద్రపుచ్చకుండా ఆపితే బిడ్డ అలిసిపోయి ఇంకా ఎక్కువ ఏడుస్తుంది.

అడుగులకు అరిసెలు, వాకర్‌కు సెలవు

బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసే ఆచారంలో తేదీ లేదు. ఆ తేదీని పుట్టినరోజుకు ముడిపెట్టింది ఇటీవలి ఆరాటమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యమైన పిల్లలు ఆసరా లేకుండా నడిచే వయసు 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఉంది. కొందరు ప్రాకకుండానే లేచి నడుస్తారు. చక్రాల వాకర్ నడక నేర్పదు. అందులో బిడ్డ మునివేళ్ళతో నేలను తోస్తుంది, తన కాళ్ళు తాను చూడలేదు, తూకం నిలుపుకోవడం నేర్చుకోదు. పైగా గడప, మెట్లు, పొయ్యి దగ్గరికి పెద్దవాళ్ళు అందుకునేలోపే చేరుతుంది. కెనడా 2004లోనే వీటిని నిషేధించింది. బోర్లించిన ప్లాస్టిక్ కుర్చీ తోసుకుంటూ నడవడం ఖర్చు లేని మేలైన దారి.

పుట్టినరోజు వారం

పుట్టు వెంట్రుకలు తిరుమలలోనో, పెంచలకోనలోనో, శనివారం మాత్రమే గుడి తెరిచే మాలకొండలోనో ఇచ్చే ఇళ్ళు ఎక్కువ. ప్రయాణం, జనం, వేళ తప్పిన తిండి ఒకే రోజున కలుస్తాయి. కొత్త బ్లేడు తమ కళ్ళముందే మార్చేలా చూసుకోవాలి. గాటు పడిన చోట గంధం, పసుపు పూయకుండా శుభ్రమైన నీళ్ళతో కడిగి వదిలేయడం మంచిది. గుండు చేస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది చూపు చేసే మాయ: సన్నని కొస తెగి మొద్దుబారిన కొన మొలుస్తుంది కాబట్టి గరుకుగా, లావుగా తోస్తుంది. కుదురు చర్మం లోపల ఉంటుంది, దానికి కత్తి సంగతి తెలియదు. చెవులు కుట్టడం అదే రోజుకు కలపకపోతే, జ్వరమొచ్చినప్పుడు దేనివల్లో తేల్చుకోవడం సులువు.

తొమ్మిది నెలలకు వేయాల్సిన మీజిల్స్–రుబెల్లా టీకా, దానితోపాటు ఇచ్చే లక్ష యూనిట్ల ఎ విటమిన్ మోతాదు పడ్డాయో లేదో కార్డులో ఇప్పుడే చూసుకోవాలి. తప్పిపోతే ఏడాది నిండకముందే వేయించాలి. ఈ టీకా జ్వరం వెంటనే రాదు, 7 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది. వేడుకకు సరిగ్గా వారం ముందు వేయిస్తే కేకు కోసే రోజున ఒళ్ళు కాలుతుంది. కేకు క్రీము నాలుకకు తగిలినంత మాత్రాన ఏమీ కాదు. పగిలిన బుడగ ముక్క గొంతులోకి పోతే మాత్రం కష్టం. జనం వెళ్ళాక ముందు ఊడ్వాల్సింది అవే.

ఎప్పుడు ఆగకూడదు

ఏడాది నిండిన ఆడపిల్ల బరువు 7 కిలోల లోపు ఉన్నా, వరసగా రెండు మూడు నెలలు గీత అడ్డంగా సాగినా పరీక్ష అవసరం. అంగన్‌వాడీలో ఉండే రంగుల టేపుతో భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన చేతిని కొలుస్తారు. 12.5 సెంటీమీటర్ల లోపు హెచ్చరిక, 11.5 లోపు తీవ్ర పోషకాహార లోపం. అలాంటి బిడ్డను అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఇంట్లో బలం మందులు పోసి చూడకూడదు. అరచేతులు, కనురెప్పల లోపలి వైపు తెల్లబోవడం, మట్టి, సున్నం గోకి తినడం రక్తహీనత గుర్తులు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, వచ్చిన పలుకూ నడకా వెనక్కి పోవడం బరువుతో సంబంధం లేనివి. వీటికి పుట్టినరోజు దాకా కాచుకోనక్కర్లేదు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కార్డుతో పాటు, గడిచిన మూడు రోజుల్లో బిడ్డ ఏ పూట ఏం తిన్నది, ఎన్ని మిల్లీలీటర్ల పాలు తాగింది అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళితే డాక్టరు అడిగే మొదటి పది ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.